కాటా పలకడం లేదు, మిర్రర్ దొరకడం లేదు

ఈ నెల సంచిలో ఉత్తరాలన్నీ లైనక్స్ మీదే, అంటే విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత వ్యవస్థ మీదే. ఉబుంటు, డెబియన్ దాని రకాలు. ముందు ఒక మాట చెప్పి మొదలుపెడతాను. ఈ పేజీలో కమాండ్లు తెలుగు అక్షరాల్లోనే అచ్చవుతాయి, మీరు కొట్టాల్సింది మాత్రం ఇంగ్లీషు స్మాల్ లెటర్స్‌లో. పోయిన నెల ఒక పెద్దాయన టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, తెలుగులోనే ‘ఆప్ట్’ (సాఫ్ట్‌వేర్ వేసి తీసే కమాండ్) అని కొట్టి, ‘కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది తల్లీ’ అని రాశారు. తప్పు ఆయనది కాదు, చెప్పకపోవడం నాది.

ప్రశ్న: అమ్మా, మాది బంగారుపాళెం, మామిడికాయల మండీ. కాటా నుంచి లాప్‌టాప్‌కి యూఎస్‌బీ కేబులు వేసుకుంటే తూకం నేరుగా చీటీలో పడేది. మా మేనల్లుడు రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం అది. రెండు సీజన్లు నడిచింది. ఉబుంటు 20.04కి కాలం చెల్లిందని వాడే వచ్చి 22.04కి మార్చిపోయినాడు. ఆనాటి నుంచి తూకం రాదు. ‘టీటీవై యూఎస్‌బీ జీరో లేదు’ అంటాది. కేబులు పోయిందని అంగట్లో చెబితే ఒకటి కొన్నా, అదీ అంతే. ఇంకోటి కొన్నా. ఫార్మాట్ కొట్టి విండోస్ వేసుకోమంటున్నారు అందరూ. ఏం చేయమంటారు?
(మండీ యజమాని, బంగారుపాళెం)

జవాబు: అయ్యా, ఫార్మాట్ వద్దు. ఇంకో కేబులు అసలే వద్దు. మీ సమస్య తీరిపోయిందని మీకూ నాకూ తెలుసు. తక్కిన పాఠకుల కోసం జరిగింది చెబుతాను. ఉత్తరం అడుగున ఫోన్ నంబరు వేశారు కాబట్టి ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నేనే ఫోన్ చేశాను. అవతల లారీ రివర్స్ హారన్, ఎవరో ‘తోతాపురి ట్రాక్టరు పక్కకు తీయండబ్బా’ అని కేకలు. ఆ గోలలోనే టెర్మినల్ తెరిపించి ‘సుడో డీమెస్గ్ హైఫన్ డబ్ల్యూ’ కొట్టించాను. సుడో అంటే యజమాని హక్కుతో చేయమనడం. డీమెస్గ్ అంటే డి, ఎం, ఇ, ఎస్, జి. కెర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, తనలో తాను మాట్లాడుకునేదంతా అందులో కనిపిస్తుంది. చివరన ఆ డబ్ల్యూ ఉంటే కొత్త మాట పుట్టిన క్షణమే తెర మీద పడుతుంది. అప్పుడు కేబులు పీకి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ గుచ్చమన్నాను.

ఆయన ఒక్కో అక్షరం చదివారు. ‘సీ, హెచ్, త్రీ, ఫోర్, ఒన్... కన్వర్టర్ డిటెక్టెడ్. తర్వాత... నౌ అటాచ్డ్ టు టీటీవై యూఎస్‌బీ జీరో. అమ్మా, ఉండాదే!’ ఉందయ్యా, ఆగకుండా కింది లైను కూడా చదవండి అన్నాను. ‘బీ, ఆర్, ఎల్, టీ, టీ, వై... ఇదేందో క్లెయిమ్డ్ అంటాది. దాని కింద... డిస్కనెక్టెడ్.’

దొంగ దొరికాడు. పాపం దొంగ అనకూడదు, ఎందుకో చెబుతాను.

కెర్నెల్‌ని మీ మండీ అనుకోండి. ప్రతి పనికీ ఒక మనిషిని ఏడాది పొడుగునా జీతమిచ్చి కూర్చోబెట్టరు. లారీ వస్తే హమాలీలను పిలుస్తారు, తూకానికి కాటా మనిషిని పిలుస్తారు. మాడ్యూల్ అంటే అలా అవసరానికి వచ్చి చేరే మనిషి. యూఎస్‌బీ వస్తువు గుచ్చగానే అది తన గుర్తింపు సంఖ్యలు చెబుతుంది: తయారీదారుది ఒకటి, వస్తువుది ఒకటి. మీ కేబుల్లో ఉన్న సీహెచ్340 చిప్పుకి అవి 1ఏ86, 7523. ఏ సంఖ్యకి ఏ మాడ్యూల్ అన్న పట్టిక ముందే తయారుగా ఉంటుంది, దాన్ని చూసి సీహెచ్341 అనే మాడ్యూల్ వచ్చి కూర్చుంటుంది. చిప్పు పేరు 340, మాడ్యూల్ పేరు 341, తికమకపడొద్దు. అది రాగానే ‘స్లాష్ డెవ్’ ఫోల్డర్లో టీటీవై యూఎస్‌బీ జీరో పుడుతుంది. మీ ప్రోగ్రాం తూకం చదువుకునే గుమ్మం అదే. మీ లాప్‌టాప్‌లో ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఆ వెనకే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం లేచింది. చూపులేని వాళ్లు వేళ్లతో తడిమి చదువుకునే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రాం అది. అలాంటి డిస్‌ప్లేల్లో ఒకదానికి ఇవే సంఖ్యలు, 1ఏ86, 7523. దాంతో మీ కాటాను చూసి ‘ఇది నాదే’ అని లాక్కుంది. సీహెచ్341 చేతులెత్తేసింది. 22.04లో ఇది చాలామందికి తగిలిన దెబ్బ. అంగడాయన కేబులు పోయిందనడంలో వింత లేదు. గుచ్చిన క్షణంలో పుట్టి మరుక్షణం మాయమైతే పోయిన కేబులు లాగే ఉంటుంది. కాకపోతే మూడు కేబుళ్లూ ఒకే రోగంతో పోవు.

మందు ఒక్క లైను: ‘సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్ఎల్‌టీటీవై’. కేబులు పీకి మళ్లీ గుచ్చితే చాలు. మండీలో ఆ లాప్‌టాప్ ముందు బ్రెయిలీతో చదివే వాళ్లు లేరని అడిగి కనుక్కున్నాకే ఈ మాట చెప్పాను. అలాంటి వాళ్లు ఉన్న ఇంట్లో, కాలేజీ ల్యాబులో ఇది తీసేస్తే వాళ్ల కళ్లు పీకినట్టే. అక్కడ ప్రోగ్రాంని ఉంచి దాని యూదేవ్ నిబంధనల ఫైలును (వస్తువు గుచ్చగానే ఎవర్ని లేపాలో చెప్పేది), అంటే 85-బీఆర్ఎల్‌టీటీవై డాట్ రూల్స్‌ని, అదే పేరుతో ఈటీసీ, యూదేవ్, రూల్స్ డాట్ డీ ఫోల్డర్లోకి నకలు తీసుకుని, అందులో 1ఏ86, 7523 ఉన్న లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టాలి. అసలు ఫైలునే దిద్దితే వచ్చే అప్‌డేట్ తుడిచేస్తుంది.

ఇక మీ మేనల్లుడికి రెండు ముక్కలు. ఏదో వీడియో చూసి ఈటీసీలోని మాడ్యూల్స్ ఫైల్లో సీహెచ్341 అని రాసి ఉంచాడు. ఉంటే నష్టం లేదు, లాభమూ లేదు. పిలవకుండానే వచ్చే మనిషికి కబురు పెట్టడం అది. తన ఉనికి తాను చెప్పుకోలేని పాతకాలం వస్తువులకు ఆ ఫైలు కావాలి, పారలల్ పోర్టుకు తగిలించే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ లాంటివాటికి.

రెండోది ముఖ్యం. టీటీవై వచ్చాక ‘పర్మిషన్ డినైడ్’ అంటే యూజర్‌ని డయల్అవుట్ అనే గుంపులో చేర్చాలి: ‘సుడో యూజర్‌మాడ్ హైఫన్ ఏ పెద్ద జీ డయల్అవుట్’, ఆపై యూజర్ పేరు. జీ ఒక్కటే క్యాపిటల్, తక్కినవన్నీ స్మాల్. ఆ ‘ఏ’ మర్చిపోయారంటే యూజర్ డయల్అవుట్‌లో చేరతాడు, మిగతా గుంపుల్లోంచి మొత్తం బయటికి పోతాడు. సుడో గుంపులోంచి కూడా. నేను అంగడి పెట్టిన కొత్తలో ఒక మెడికల్ షాపు కంప్యూటర్లో సరిగ్గా ఇదే చేశాను. షాపాయన బిల్లింగ్ ఆగిపోయి నా వంక చూస్తుంటే, రికవరీ మోడ్‌లోకి పోయి చెమటలు కక్కుతూ సరిచేసుకున్నాను. ఆ రోజు డబ్బులు అడగలేదు. గుంపు మార్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి, అంతవరకూ పాత గుంపులే లెక్క.

తూకం బదులు చెత్త గుర్తులు వస్తుంటే అది మాడ్యూల్ సంగతి కాదు. కాటాలోనూ ప్రోగ్రాంలోనూ బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, ఒకటే ఉండాలి, 9600 అయితే రెండు చోట్లా 9600.

ప్రశ్న: అక్కా, నేను తిరుపతి యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాను. సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు 23.04 వేసుకున్నా. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టబోయినా 404 అంటుంది, ‘నో లాంగర్ హ్యాజ్ ఎ రిలీజ్ ఫైల్’ అని కూడా. ఇండియా మిర్రర్ మార్చి సింగపూర్ పెట్టా, జర్మనీ పెట్టా, జపాన్ పెట్టా. ఐదు మార్చా. ఒకచోట ‘ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్’ అని రాయమంటే అదీ రాశా. అన్ని మిర్రర్లూ ఒకేసారి పాడవుతాయా?
(ఎంసీఏ విద్యార్థి, తిరుపతి)

జవాబు: పాడవవు నాయనా. తిరుపతిలో ఉండి ఇది అర్థం కాకపోతే ఎట్లా! కొండ మీద లడ్డూ తయారయ్యేది పోటులో. ఇచ్చే కౌంటర్లు బోలెడు. ఒక కౌంటర్లో క్యూ ఎక్కువుంటే పక్క కౌంటర్‌కి పోతాం, ఎక్కడ తీసుకున్నా లడ్డూ అదే. మిర్రర్లు ఆ కౌంటర్లు. అసలు సర్వర్ నుంచి నకలు తెచ్చుకుని అందరికీ పంచుతాయి. నువ్వేమో పోయినేడాది బ్రహ్మోత్సవాల టోకెన్ చేతిలో పట్టుకుని కౌంటర్లన్నీ తిరుగుతున్నావు. టోకెన్‌కి గడువు తీరితే జపాన్ కౌంటరైనా ఇవ్వదు.

23.04 వచ్చింది 2023 ఏప్రిల్‌లో. ఏప్రిల్, అక్టోబరుల్లో వచ్చే ఇలాంటి మామూలు విడుదలలకు సపోర్ట్ తొమ్మిది నెలలే, కాబట్టి 2024 జనవరితో దాని పని సరి. ఆ తర్వాత దాని ప్యాకేజీలను (సాఫ్ట్‌వేర్ కట్టలను) మిర్రర్లలోంచి తీసేసి ఓల్డ్ రిలీజెస్ అనే సర్వర్‌కి తరలిస్తారు. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్‌లకు, అంటే ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే విడుదలలకు, మాత్రం ఐదేళ్లు. 24.04 తీసుకుంటే 2029 వరకూ మాట్లాడే పనిలేదు.

ఈ రోజుకి ఏదో ఒక ప్యాకేజీ అత్యవసరంగా కావాలంటే ఈటీసీ, ఆప్ట్ ఫోల్డర్లో ఉన్న సోర్సెస్ డాట్ లిస్ట్ తెరిచి, ‘ఇన్ డాట్ ఆర్కైవ్ డాట్ ఉబుంటు డాట్ కామ్’ అని ఉన్న ప్రతిచోటా, ‘సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్’ ఉన్నచోట కూడా ‘ఓల్డ్ హైఫన్ రిలీజెస్ డాట్ ఉబుంటు డాట్ కామ్’ పెట్టు. తర్వాత ఆప్ట్ అప్‌డేట్. పని జరుగుతుంది. కానీ అందులో కొత్త భద్రతా సవరణలు ఇక ఎప్పటికీ రావు. నీ ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని 24.04 వేసుకో. ఫార్మాట్ వద్దని పైన మండీ ఆయనకు చెప్పి నీకు వేసుకోమంటున్నానని అనుకోకు. ఆయన ఇల్లు బాగుంది, తలుపు బిగుసుకుంది. నీది బాడుగ గడువు ముగిసిన ఇల్లు.

నాకు కోపం తెప్పించింది ఆ ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్. అది ముందు తీసెయ్. మిర్రర్ ఎవరిదో తెలియకపోయినా మనం నమ్మకంగా డౌన్‌లోడ్ చేసుకోగలుగుతున్నామంటే కారణం సంతకం. రిలీజ్ ఫైలు మీద ఉబుంటు వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ ఫైల్లో ప్యాకేజీల జాబితాల హ్యాష్‌లు, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యలు, ఉంటాయి, జాబితాలో ప్రతి ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. మధ్యలో మిర్రర్ నడిపేవాడు ఒక్క బైటు మార్చినా ఆప్ట్ పట్టేస్తుంది. నువ్వు ఆ మాట రాయడమంటే సంతకం చూడొద్దులే అని వాచ్‌మన్‌ని ఇంటికి పంపేయడం. వీడియోలో చెప్పినాయనకు వ్యూస్ వచ్చాయి, నీకేమొచ్చింది?

ప్రశ్న: పుత్తూరులో డీటీపీ సెంటర్ నాది. పాత డెస్క్‌టాప్‌లో డెబియన్. రోజూ పొద్దున మొదటిసారి ఆప్ట్ అప్‌డేట్ కొడితే ‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్’ అంటుంది. మధ్యాహ్నానికి ఒక్కోసారి దానంతట అదే బాగవుతుంది. మిర్రర్ మార్చాలా?

జవాబు: మార్చాల్సింది బ్యాటరీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్లు ఉంటుంది, సీఆర్ 2032. అది చచ్చిపోతే రాత్రి స్విచ్చి కట్టేశాక గడియారం ఎప్పటికో వెనక్కి పోతుంది. పాత తేదీలో కూర్చుని చూస్తే ఈ వారం సంతకం చేసిన ఫైలు ఇంకా పుట్టనే లేదు కదా, ‘ఇంకా చెల్లదు’ అంటోంది. మధ్యాహ్నం బాగవడం ఇంటర్నెట్ నుంచి టైము అందుకున్నప్పుడు. బ్రౌజర్లో కూడా పొద్దున పూట సైట్లు సురక్షితం కాదని వస్తుంటుంది చూడండి. కరెంటు ప్లగ్గు పీకి, సెల్లు మార్చి, బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో, తేదీ సరిచేసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాను, నర్సింగ్ చదువుతున్నా. అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్‌లో ఉబుంటు, పక్కనే విండోస్ కూడా ఉంది. వైఫై చిప్పు బ్రాడ్‌కామ్, బీసీఎం43142 అని చూపిస్తుంది. డ్రైవర్ వేసుకుంటే వస్తుంది, అప్‌డేట్ అయ్యాక మళ్లీ పోతుంది. ఈసారి తిరిగి వేసినా రాలేదు. స్టార్ట్ చేసినప్పుడు నీలం స్క్రీన్ ఒకటి వచ్చింది, భయమేసి ‘కంటిన్యూ బూట్’ నొక్కేశా. ఇప్పుడు ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటోంది. వైఫై లేకుండా డ్రైవర్ ఎట్లా దించుకోవాలి?

జవాబు: చివరిదానికి ముందు చెబుతా. ఫోన్‌ని చార్జింగ్ కేబులుతో లాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. ఏ డ్రైవరూ అక్కర్లేకుండా నెట్ వస్తుంది. మా అంగట్లో సగం వైఫై కేసులు ఇట్లాగే మొదలవుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. చాలా మాడ్యూళ్లు కెర్నెల్‌తో కలిసే వస్తాయి, పట్టుచీరతో పాటు వచ్చే జాకెట్టు ముక్కలాగా. నీ బ్రాడ్‌కామ్ డ్రైవర్ అలాంటిది కాదు. డబ్ల్యూఎల్ అనే ఆ మాడ్యూల్ కంపెనీ విడిగా ఇచ్చింది, కెర్నెల్లో భాగం కాదు. చీర మారిందంటే దానికి జాకెట్టు మళ్లీ కుట్టాల్సిందే, పాతది పట్టదు. ప్రతి కెర్నెల్ వెర్షన్‌కీ ‘లిబ్, మాడ్యూల్స్’ కింద వేరే ఫోల్డర్ ఉండేది అందుకే. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్ని దానంతట అదే కుట్టిపెట్టే దర్జీ పేరు డీకేఎంఎస్. ఆ దర్జీకి కొలతలు కావాలి, అవి కెర్నెల్ హెడర్లు. నువ్వు మొదట్లో అప్పటి కెర్నెల్‌కి సరిపోయే హెడర్లు మాత్రమే వేసుకుని ఉంటావు. కొత్త కెర్నెల్ కొలతలు లేక దర్జీ ఊరకుండిపోయాడు. ‘లైనక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ జెనెరిక్’ అనే ప్యాకేజీ వేసుకో, మామూలు జెనెరిక్ కెర్నెల్ వాడుతుంటే ప్రతి కొత్త కెర్నెల్‌తో పాటు దాని హెడర్లనూ అదే తెస్తుంది. తర్వాత ‘బీసీఎండబ్ల్యూఎల్ హైఫన్ కెర్నెల్ హైఫన్ సోర్స్’ తిరిగి ఇన్‌స్టాల్ చెయ్యి. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే నీ కెర్నెల్ వెర్షన్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని కనపడాలి. నడుస్తున్న వెర్షన్ ఏదో ‘యూనేమ్ హైఫన్ ఆర్’ చెబుతుంది.

జాకెట్టు కుట్టాక కూడా గుమ్మం దగ్గర ఆపుతున్నారు, అది సెక్యూర్ బూట్. సంతకం లేని మాడ్యూల్ని లోపలికి రానివ్వదు. ఉబుంటు ఇక్కడే నీ లాప్‌టాప్‌లో ఎంఓకే అనే ఒక తాళంచెవి తయారుచేసి దాంతో మాడ్యూల్ మీద సంతకం పెడుతుంది. ఆ తాళంచెవి నీదేనని నువ్వు ఒక్కసారి స్వయంగా ఒప్పుకోవాలి. ఆ నీలం స్క్రీన్ అడిగింది అదే తల్లీ, వైరస్ కాదు. కంటిన్యూ బూట్ నొక్కితే ఆ అడగడం కాస్తా రద్దయిపోయింది. మళ్లీ అడిగించాలంటే ‘సుడో ఎంఓకేయుటిల్ రెండు హైఫన్లు ఇంపోర్ట్’, ఒక ఖాళీ, ఆపై ఈ ఫైలు దారి: వార్, లిబ్, షిమ్ హైఫన్ సైన్డ్, ఎంఓకే, ఎంఓకే డాట్ డీఈఆర్. దారిలో మొదట ఒక స్లాష్, ప్రతి పేరుకూ మధ్య ఒక స్లాష్. చివరి ఎంఓకే మాత్రం క్యాపిటల్స్‌లో. అది పాస్‌వర్డ్ అడుగుతుంది, ఈ ఒక్కపూటకే కాబట్టి తేలికైనది ఎనిమిది అక్షరాలకు తగ్గకుండా పెట్టి కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ చెయ్యి. నీలం స్క్రీన్‌లో ‘ఎన్‌రోల్ ఎంఓకే’, తర్వాత ‘కంటిన్యూ’, ‘ఎస్’, పాస్‌వర్డ్, ‘రీబూట్’. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనపడకపోవచ్చు, కంగారుపడకు. ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఉండి వెళ్లిపోతుంది, రీస్టార్ట్ కొట్టి నీళ్లు తాగడానికి పోవద్దు.

బయోస్‌లో సెక్యూర్ బూటే తీసేస్తే సరిపోదా అని ఎవరైనా అంటారు. ఉబుంటు ఒక్కటే ఉన్న పాత మిషన్లలో నేనూ తీసేస్తుంటాను, దాచేదేముంది. నీదాంట్లో విండోస్ ఉంది. అందులో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ ముట్టుకోగానే అది రికవరీ కీ అడిగే ప్రమాదముంది. ఆ కీ మీ అన్నయ్య అకౌంట్లో ఉంటుంది, అన్నయ్యకి పాస్‌వర్డ్ గుర్తుండదు. ఇలాంటి అన్నయ్యల్ని చాలామందిని చూశాను.

ప్రశ్న: రేణిగుంట నుంచి రాస్తున్నాను. మనకు దగ్గర చెన్నై కదా, చెన్నైలో ఉన్న మిర్రర్ పెట్టుకుంటే డౌన్‌లోడ్ వేగంగా అవుతుందా?

జవాబు: రైలుకైతే దగ్గరే. డేటా పోయే దారి మీ నెట్ కంపెనీ ఎవరితో ఎక్కడ కలుస్తుందో దాన్నిబట్టి ఉంటుంది, ఒక్కోసారి ముంబై చుట్టి చెన్నై చేరుతుంది. ఊహించడం మాని కొలవండి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ తెరిచి, ‘డౌన్‌లోడ్ ఫ్రమ్’ దగ్గర ‘అదర్’, అందులో ‘సెలెక్ట్ బెస్ట్ సర్వర్’ నొక్కితే అదే వరసగా పరీక్షించి ఒకటి ఎంచుతుంది. డెబియన్ వాళ్లు ‘డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్’ పెట్టుకుని ఊరుకోవచ్చు, దగ్గరి సర్వర్‌కి అదే పంపుతుంది. ఏది మార్చినా సెక్యూరిటీ అని ఉన్న లైను జోలికి పోవద్దు. మిర్రర్లు ఒక్కోసారి గంటలు, రోజులు వెనకబడతాయి, భద్రతా సవరణలు అసలు సర్వర్ నుంచి నేరుగా రావడమే మంచిది. పైన తిరుపతి ఎంసీఏ విద్యార్థి చేత మార్పించాను కదా అంటారేమో, అతనిది కాలం తీరిన విడుదల, అతనికి ఆ లైను ఎటూ పనిచేయదు.

పెద్ద అప్‌డేట్ అయితే నేను రాత్రి పదకొండు దాటాక పెడతాను. ఐపీఎల్ రోజుల్లో మా బైరాగిపట్టెడ వీధి మొత్తం ఒకే కేబులాయన లైను మీద మ్యాచ్ చూస్తుంటుంది, ఏ మిర్రర్ పెట్టినా ఆఖరి ఓవర్ అయ్యేదాకా కదలదు.